తాళం వేసి ఉండే ఇంటికి బీమా: విశాఖ తీరంలో విడిది ఇల్లున్నవారికి సమగ్ర మార్గదర్శి

రుషికొండ దాటి భీమిలి వైపు సాగే తీరపు రోడ్డుకు అటూ ఇటూ ఉన్న లేఅవుట్లలో, సంక్రాంతికో వేసవి సెలవులకో తప్ప గేటు తెరుచుకోని ఇళ్లు చాలా కనిపిస్తాయి. యజమాని హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఉండవచ్చు, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలు అక్కడే ఉండిపోయి ఉండవచ్చు, లేదా సీతమ్మధారలోనే ఉంటూ నెలకొకసారి వచ్చి కిటికీలు తెరిచి వెళుతూ ఉండవచ్చు. ఇలాంటి ఇంటినే ఈ వ్యాసంలో విడిది ఇల్లు అంటున్నాను. మనం నివసించే ఇంట్లో పైపు పగిలితే పది నిమిషాల్లో ఎవరో ఒకరు వాల్వు కట్టేస్తారు. విడిది ఇంట్లో పగిలితే మిద్దె మీది ట్యాంకు ఖాళీ అయ్యేదాకా, మోటారు దానంతట అదే నడిచేదైతే ఆ తరువాత కూడా, నీరు కారుతూనే ఉంటుంది. అందువల్ల విడిది ఇంటికి బీమా ఎంచుకునేటప్పుడు ప్రీమియం ఎంత అన్న ప్రశ్నను చివరికి నెట్టి, ఇల్లు ఏడాదిలో ఎన్ని రోజులు ఖాళీగా ఉంటుంది, ఆ రోజుల్లో ఏమి జరగగలదు అన్న ప్రశ్నలతో మొదలుపెట్టాలి.

మొదటి మెట్టు: ఇంటి వాడకాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టడం

ఏజెంటును పిలవడానికి ముందే ఒక తెల్లకాగితం తీసుకుని, గడిచిన ఏడాదిలో ఆ ఇంట్లో ఎన్ని రాత్రులు గడిపారో, వరుసగా ఎన్ని రోజులు తాళం వేసి ఉందో, తాళపుచెవులు ఎవరెవరి దగ్గర ఉన్నాయో, వాచ్‌మన్ రాత్రిపూట ఆవరణలోనే పడుకుంటాడా లేక సాయంత్రం ఒకసారి దీపం వేసి వెళ్లిపోతాడా, బంధుమిత్రులకు ఉచితంగా ఇస్తున్నారా లేక రోజు లెక్కన డబ్బు తీసుకుంటున్నారా అన్న వివరాలు రాసుకోవాలి. ఇది చాదస్తంగా అనిపించవచ్చు. కానీ తరువాత ప్రపోజల్ ఫారంలో, అంటే బీమా కోరుతూ కంపెనీకి ఇచ్చే దరఖాస్తులో, మీరు ఇచ్చే ప్రతి జవాబూ ఈ కాగితం నుంచే రావాలి. ఆ ఫారంలో తప్పు రాయడం, ముఖ్యమైన సంగతి దాచడం అన్నవి క్లెయిమ్ తిరస్కరణకు దారితీసే కారణాలు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటినప్పుడు భీమిలిలో మా మేనమామగారి ఇంటి పైగది రేకులు, కిటికీలు, కాంపౌండ్ గోడలో ఒక భాగం పోయాయి. సర్వే చేయడానికి వచ్చిన వ్యక్తి అడిగిన తొలి ప్రశ్న నష్టం గురించి కాదు, ‘ఈ ఇంట్లో మీరు చివరిసారి ఎప్పుడు ఉన్నారు?’ అన్నది. అప్పట్లో ఇళ్లకు కూడా అమ్మిన ప్రామాణిక అగ్ని బీమా పాలసీలో, ఇల్లు 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే, కంపెనీ ముందుగా అంగీకరించి పాలసీ మీద రాసి ఇస్తే తప్ప, రక్షణ నిలిచిపోతుందన్న షరతు ఉండేది. ఆయన అదృష్టం కొద్దీ దసరాకు వచ్చి వెళ్లారు గనుక ఆ గండం గడిచింది. రెండో గండం గడవలేదు, దాని సంగతి బీమా మొత్తం దగ్గర చెబుతాను.

రెండో మెట్టు: ఇంటిపై హక్కును సరిచూసుకోవడం

ఆస్తి నష్టపోతే ఆర్థికంగా నష్టపోయేవారు మాత్రమే ఆ ఆస్తికి బీమా చేయగలరు. దీన్ని బీమాయోగ్య ఆసక్తి అంటారు. రిజిస్టరైన దస్తావేజు, నగరపాలక సంస్థ జీవీఎంసీ లేదా పట్టణాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ పరిధిలో ఆమోదం పొందిన ప్లాను, ఇంటి పన్ను రసీదు యజమాని పేరుతోనే ఉన్నాయో లేదో చూసుకోవాలి. తండ్రి పేరున ఉన్న ఇంటికి కొడుకు పేరున పాలసీ తీసుకోవడం మన ఇళ్లలో మామూలే గానీ, క్లెయిమ్ రోజున అది పెద్ద చిక్కుముడి అవుతుంది.

సముద్రానికి దగ్గరలో ఉన్న ఇల్లయితే తీరప్రాంత నియంత్రణ మండలి, అంటే సీఆర్‌జెడ్, నిబంధనలు కూడా చూడాలి. 2019 నాటి ప్రకటన ప్రకారం సముద్ర తీరం వెంట పోటు రేఖ నుంచి 500 మీటర్ల వరకు ఉన్న నేల ఈ నియంత్రణ కిందికి వస్తుంది. అనుమతి లేని కట్టడాన్ని ప్రభుత్వ అధికారులు కూల్చివేస్తే, లేదా స్వాధీనం చేసుకుంటే, ఇంటి బీమా పరిహారం ఇవ్వదు.

అరకు, అనంతగిరి వైపు చల్లని చోట ఒక చిన్న ఇల్లు కట్టుకోవాలనుకునేవారికి ఇంకొక మాట చెప్పాలి. ఆ ప్రాంతం షెడ్యూల్డ్ ఏరియాలో ఉంది. జనం 1/70 చట్టం అని పిలిచే భూబదలాయింపు నిబంధనల ప్రకారం అక్కడి స్థిరాస్తి గిరిజనేతరులకు బదిలీ కావడం చెల్లదు. స్టాంపు కాగితం మీద ఒప్పందం రాయించుకుని, వేరొకరి పేరున ఉన్న నేలలో ఇల్లు కట్టినవారికి ఏ పాలసీ అమ్మినా ప్రీమియం తీసుకునే రోజున ఇబ్బంది ఉండదు, ఇబ్బందంతా క్లెయిమ్ రోజునే వస్తుంది. అలాంటి ఇంటికి బీమా వెతకడం కన్నా ముందు న్యాయవాదిని కలవడం మంచిది.

మూడో మెట్టు: బీమా మొత్తాన్ని లెక్కకట్టడం

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ఇల్లు కొన్న ధరనే బీమా మొత్తంగా రాయించడం. భీమిలి రోడ్డు మీద ఇంటి ధరలో పెద్ద వాటా నేలది. తుపాను నేలను ఎత్తుకుపోదు గనుక దానికి బీమా అవసరం లేదు. మళ్లీ కట్టడానికి ఈ రోజు ఎంత ఖర్చవుతుందో అదే బీమా మొత్తం కావాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంటి కార్పెట్ ఏరియా, అంటే లోపల వాడుకోగల నేల వైశాల్యం, 1,400 చదరపు అడుగులనీ, మీ మేస్త్రీ లేదా ఇంజనీరు చెప్పిన నిర్మాణ ఖర్చు చదరపు అడుగుకు 2,200 రూపాయలనీ అనుకుంటే, కట్టడం విలువ 30.8 లక్షలు. కాంపౌండ్ గోడ, గేటు, సెప్టిక్ ట్యాంకు, మిద్దె మీది సోలార్ ప్యానెళ్లు కలిపి మరో 5.2 లక్షలు అనుకుంటే మొత్తం 36 లక్షలవుతుంది. ఈ రెండో పద్దును మరిచిపోకూడదు. తీరంలో గాలివాన వస్తే ముందు పడిపోయేవి ప్రహరీ గోడలు, ఎగిరిపోయేవి రేకులు, ప్యానెళ్లే. ఇక్కడ రాయవలసినది కార్పెట్ ఏరియా అన్నది కూడా గుర్తుంచుకోవాలి. బిల్డరు బ్రోచర్‌లో ఉండే ఉమ్మడి భాగాల వాటాను కూడా కలిపిన సూపర్ బిల్టప్ ఏరియాను ఎత్తి రాస్తే లేని గోడలకు ప్రీమియం కట్టినట్టవుతుంది.

మా మేనమామగారి రెండో గండం ఇక్కడే ఉంది. ఆయన పాలసీ బ్యాంకు ద్వారా వచ్చింది. బ్యాంకు తన అప్పు మేరకు 12 లక్షలకే బీమా చేయించింది, ఇంటిని మళ్లీ కట్టడానికి అప్పటి లెక్కలో 24 లక్షలు కావాలి. సగానికే బీమా చేశారు గనుక నష్టంలోనూ సగమే ఇస్తామన్నది పాత పాలసీల సూత్రం, 3 లక్షల నష్టానికి ఆయనకు అందినది లక్షన్నర. ఇప్పుడు ఇళ్లకు అమలులో ఉన్న ప్రామాణిక పాలసీలో ఈ కోతను ఎత్తివేశారు. అయినా పూర్తి నష్టం జరిగితే బీమా మొత్తానికి మించి ఒక్క రూపాయి రాదు గనుక తక్కువ మొత్తానికి బీమా చేయడం ఇప్పటికీ నష్టదాయకమే. బ్యాంకు అప్పు ఉన్నవారు మరొక తేడాను గమనించాలి. ‘హోమ్ లోన్ ఇన్సూరెన్స్’ అన్న పేరుతో అప్పుతోపాటు అంటగట్టేది చాలాసార్లు అప్పు తీసుకున్న మనిషి ప్రాణానికి చేసే బీమా, దానికీ ఇంటి గోడలకూ సంబంధం ఉండదు.

నాలుగో మెట్టు: మూల పాలసీని చదవడం

భారతదేశంలో నివాస గృహాలకు సాధారణ బీమా కంపెనీలు ఇవ్వవలసిన ప్రామాణిక పాలసీ పేరు భారత్ గృహ రక్ష. బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశం మేరకు ఇది 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. పాలసీ షరతుల వాచకం అన్ని కంపెనీలలోనూ ఒకటే గనుక మూల పాలసీలో పోల్చి చూడవలసినది ప్రీమియాన్ని, అదనపు కవర్లను, కంపెనీ క్లెయిమ్‌ల సేవను మాత్రమే. ఈ సౌకర్యం మనకు పెద్ద ఉపకారం. వాచకాన్ని ఒకసారి శ్రద్ధగా చదివితే చాలు.

అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, తుపాను, వరద, సునామీ, నేల కుంగడం, కొండచరియలు విరిగిపడటం, చెట్టు లేదా వాహనం వచ్చి తగలడం, అల్లర్లు, ఉగ్రవాద చర్యలు, నీటి ట్యాంకులు, పైపులు పగిలి పొంగడం వల్ల కలిగే నష్టాలను ఈ పాలసీ భరిస్తుంది. క్షిపణి పరీక్షల వల్ల కలిగే నష్టం కూడా జాబితాలో ఉంది. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊళ్లో ఆ మాట చదివితే చిన్న నవ్వు వస్తుంది. ఇంట్లోని సామాన్లకు, వేరే వివరాలు ఇవ్వకపోయినా, కట్టడపు బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు రక్షణ దానంతట అదే లభిస్తుంది. మన ఉదాహరణలో అది 7.2 లక్షలు, మంచాలు, ఏసీలు, ఫ్రిజ్, టీవీ ఉన్న విడిది ఇంటికి సాధారణంగా సరిపోతుంది. నగలను విడిది ఇంట్లో ఉంచకపోవడమే ఉత్తమం గనుక విలువైన వస్తువుల అదనపు కవర్ జోలికి వెళ్లనవసరం లేదు.

తీరపు ఇంటి యజమాని నిదానంగా చదవవలసినది మినహాయింపుల భాగం. నేల కుంగడం కవరేజీలో ఉన్నా, సముద్రపు కోత వల్ల కలిగే నష్టాన్ని పాలసీ స్పష్టంగా మినహాయించింది. తుపాను రోజున అల గోడను పగలగొడితే అది ఒక లెక్క, అలలు ఏడాది తరువాత ఏడాది ఇసుకను తోడేయగా పునాది బయటపడి గోడ బీటలు వారితే అది మరొక లెక్క. ఆర్‌కే బీచ్‌లో ఇసుక కోతను ఏళ్లుగా చూస్తున్న విశాఖవాసులకు ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు. ఉప్పుగాలికి చువ్వలు తుప్పుపట్టి స్లాబు పెచ్చులూడటం, చెమ్మకు గోడలు ఉబ్బడం, అరుగుదల వంటివి కూడా బీమా పరిధిలోకి రావు. అవి మరమ్మతుల ఖాతాలోనే రాసుకోవాలి. కరెంటు హెచ్చుతగ్గులకు ఇన్వర్టరో ఏసీయో కాలిపోతే ఆ పరికరానికి డబ్బు రాదు, దాని నుంచి మంటలు లేచి గది తగలబడితే మిగిలిన నష్టానికి వస్తుంది. ఇంటిని పెంచి కట్టినప్పుడు కార్పెట్ ఏరియా 10 శాతానికి మించి పెరిగితే, అదనపు ప్రీమియం కట్టనిదే ఆ భాగానికి రక్షణ ఉండదు. మిద్దె మీద ‘ఒక్క గది’ వేసుకునే అలవాటు మనవాళ్లలో ఎక్కువ గనుక ఇది చెప్పవలసి వచ్చింది.

అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు ఉన్నవారు తమ ఫ్లాటుకు పాలసీ తీసుకుంటూనే, లిఫ్టు, మెట్లు, పంపుహౌసు వంటి ఉమ్మడి భాగాలకు అసోసియేషన్ పాలసీ తీసుకుందో లేదో అడిగి తెలుసుకోవాలి.

అయిదో మెట్టు: ఖాళీ ఇల్లు, దొంగతనం

విడిది ఇంటి యజమానులందరికీ ఉండే మొదటి భయం దొంగతనం. గృహ రక్ష పాలసీ విడిగా జరిగే దొంగతనాన్ని భరించదు. తుపాను వంటి బీమా ఉన్న ప్రమాదం జరిగి, దాని కారణంగా ఏడు రోజుల లోపల వస్తువులు చోరీ అయితేనే పరిహారం ఇస్తుంది. మామూలు రోజుల్లో తాళం పగలగొట్టి టీవీ ఎత్తుకుపోతే డబ్బు రావాలంటే బర్గ్లరీ కవర్‌ను వేరుగా గానీ, అదనపు కవర్‌గా గానీ, గృహస్థుల ప్యాకేజీ పాలసీలో భాగంగా గానీ తీసుకోవాలి.

ఆ కవర్ కొనేటప్పుడు నాలుగు విషయాలు అడగాలి. ఇల్లు వరుసగా ఎన్ని రోజులు ఖాళీగా ఉంటే రక్షణ ఆగిపోతుంది? ఆ షరతును సడలించి పాలసీ మీద రాసి ఇస్తారా, దానికి అదనపు ప్రీమియం ఎంత? బలవంతంగా లోపలికి చొరబడిన గుర్తులు ఉంటేనే ఇస్తారా, తాళం పగలకుండా జరిగిన చోరీకి కూడా ఇస్తారా? వాచ్‌మన్, పనివారు, అతిథులు చేసిన చోరీని మినహాయించారా? మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబు మీ కాగితం మీద రాసుకున్న ఖాళీ రోజుల కన్నా తక్కువగా ఉంటే, సడలింపు లేకుండా ఆ కవర్ కొనడం డబ్బు దండగ. ‘ఏమీ కాదులెండి, మనవాళ్లే కదా’ అని ఏజెంటు నోటిమాటగా ఇచ్చే భరోసాకు విలువ లేదు. ఈమెయిల్‌లో అడగండి, ఈమెయిల్‌లోనే జవాబు తీసుకోండి. మూల పాలసీ వాచకంలోనూ, షెడ్యూల్‌లోనూ ఇల్లు ఖాళీగా ఉండటం గురించి ఏ షరతు ఉందో ఇదే పద్ధతిలో అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

కంపెనీ అడిగినా అడగకపోయినా, ఊరు దాటి వెళ్లేటప్పుడు మిద్దె ట్యాంకు నుంచి వచ్చే ప్రధాన వాల్వు కట్టేయడం, ఫ్రిజ్ ఖాళీ చేసి మెయిన్ ఆపేయడం, వారానికొకసారి ఎవరైనా వచ్చి చూసి ఫొటో పంపేలా ఏర్పాటు చేసుకోవడం అవసరం. ఆ ఫొటోలు ఇంటిని గాలికి వదిలేయలేదనడానికి సాక్ష్యంగా పనికివస్తాయి.

ఆరో మెట్టు: అతిథుల నుంచి డబ్బు తీసుకుంటే

ఇంటిని రోజు అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టిన క్షణం నుంచి అది బీమా దృష్టిలో కేవలం నివాస గృహంగా మిగలదు. ఏటా కొన్ని వారాంతాలు మాత్రమే ఇచ్చేవారు ఆ సంగతిని కంపెనీకి రాసి తెలిపి, పాత పాలసీ కిందే కొనసాగవచ్చునన్న అంగీకారాన్ని రాతపూర్వకంగా పొందాలి. గెస్ట్‌హౌస్‌గానో హోమ్‌స్టేగానో పూర్తిగా నడిపేవారికి నప్పేది భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. ఒకే చోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల రూపాయల వరకు ఉండే చిన్న వ్యాపారాల కోసం ఇది కూడా 2021 ఏప్రిల్ 1నే వచ్చింది. ఈత కొలను ఉన్నా, మిద్దె మీద పిట్టగోడ తక్కువ ఎత్తున ఉన్నా, అతిథికి దెబ్బ తగిలితే వచ్చే పరిహారపు బాధ్యతకు పబ్లిక్ లయబిలిటీ కవర్‌ను వేరుగా తీసుకోవాలి. ఆస్తి పాలసీ దానికి పనికిరాదు.

ఏడో మెట్టు: కొనడం

కనీసం మూడు కంపెనీల నుంచి, ఒకే బీమా మొత్తానికి, ఒకే అదనపు కవర్లతో కొటేషన్లు తెప్పించుకుంటేనే పోలికకు అర్థం ఉంటుంది. ప్రీమియం మీద 18 శాతం జీఎస్‌టీ పడుతుంది. 2025 సెప్టెంబరులో పన్ను తీసేసినది వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలకే తప్ప ఇంటి బీమాకు కాదు.

గృహ రక్షను ఒకేసారి పదేళ్ల వరకు తీసుకునే వీలుంది. ఏటా రెన్యువల్ మరిచిపోయే దూరవాసులకు దీర్ఘకాల పాలసీయే మంచిదని నా అభిప్రాయం. దీర్ఘకాల పాలసీలో బీమా మొత్తం ఏటా మొదటి మొత్తంలో 10 శాతం చొప్పున, అదనపు ప్రీమియం లేకుండా పెరుగుతుంది. మన 36 లక్షలు అయిదో ఏట 50.4 లక్షలవుతాయి. సిమెంటు, ఇనుము, కూలి ధరలు పెరిగే తీరు చూస్తే ఇది చిన్న లాభం కాదు.

కొనే సమయం విషయంలో ఒక్కటే మాట. ప్రీమియం కంపెనీకి చేరనిదే రక్షణ మొదలుకాకూడదని 1938 నాటి బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ చెబుతోంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందని వార్త విన్నాక పరుగెత్తడం కన్నా, ఈశాన్య రుతుపవనాల కాలం రాకముందే, ఆగస్టులోగా పని ముగించుకోవాలి.

పాలసీ చేతికి వచ్చాక పేరు, చిరునామా, డోర్ నంబరు, కార్పెట్ ఏరియా, బ్యాంకు పేరు సరిగ్గా పడ్డాయో చూసుకుని, ప్రపోజల్ ఫారం నకలును దానితోపాటు భద్రపరచాలి. చాలామంది పాలసీని దాచుకుంటారు, ఫారంలో తామేమి రాశారో మాత్రం మరిచిపోతారు.

ఎనిమిదో మెట్టు: నష్టం జరగకముందే క్లెయిమ్‌కు సిద్ధపడటం

హుద్‌హుద్ తరువాత నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు సరిగ్గా పనిచేయలేదు. అలాంటి రోజున హైదరాబాద్‌లో ఉన్న యజమాని చేయగలిగినది చాలా తక్కువ. అందుకని ఏటా సెప్టెంబరులో ఒకసారి ఇల్లంతా, మిద్దె, ప్రహరీ, ప్రతి గది, అల్మరాల లోపల కూడా వీడియో తీసి, సామాన్ల బిల్లులతో కలిపి ఆన్‌లైన్‌లో దాచుకోవాలి. విశాఖలోనే ఉండే నమ్మకమైన ఒకరికి పాలసీ నంబరు, కంపెనీ టోల్‌ఫ్రీ నంబరు, మీ తరఫున, నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్‌కు ఇల్లు చూపించే అధికారపత్రం ఇచ్చి ఉంచాలి.

నష్టం తెలిసిన వెంటనే కంపెనీకి తెలియజేసి, క్లెయిమ్ నంబరు తీసుకోవాలి. చోరీ అయితే పోలీసు స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్, మంటలైతే అగ్నిమాపక శాఖ నివేదిక అవసరమవుతాయి. పగిలిన కిటికీకి టార్పాలిన్ కట్టి వాన నీరు లోపలికి రాకుండా ఆపడం మీ బాధ్యతే, కానీ అంతకు ముందే ఫొటోలు తీయాలి. పాడైన సామాను సర్వేయర్ చూసేదాకా పారేయకూడదు. మనవాళ్లకున్న శుభ్రత అలవాటు ఇక్కడ చేటు చేస్తుంది. తుపాను మర్నాడే ఇల్లంతా కడిగి, విరిగినవన్నీ మున్సిపాలిటీ బండికి ఎత్తించేసి, ఆ తరువాత క్లెయిమ్ గుర్తుకు తెచ్చుకునేవారు ఉన్నారు. శిథిలాలు తొలగించడానికి క్లెయిమ్ మొత్తంలో 2 శాతం వరకు, ఆర్కిటెక్టు, ఇంజనీరు ఫీజులకు 5 శాతం వరకు గృహ రక్ష పాలసీలో వస్తుంది గనుక ఆ రసీదులు కూడా దాచాలి.

ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, క్లెయిమ్ నమోదైన 24 గంటల్లో సర్వేయర్‌ను నియమించాలి, ఆయన 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, నివేదిక అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. ఈ గడువులు దాటితే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. అప్పటికీ కదలిక లేకపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో నమోదు చేయవచ్చు. కంపెనీ నుంచి 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తినివ్వకపోయినా, ఏడాది లోపల హైదరాబాద్‌లోని ఫిర్యాదులు విని పరిష్కరించే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం పరిధిలోనే ఉంది. 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం అంబుడ్స్‌మన్‌కు ఉంది, ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. ఫిర్యాదుకు జతచేయవలసిన కాగితాల్లో పాలసీ, కంపెనీ తిరస్కరణ లేఖలతోపాటు, ఇల్లు ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసి ఉంటుందని మీరు రాసి ఇచ్చిన ప్రపోజల్ ఫారం నకలు, దానికి కంపెనీ ఒప్పుకుంటూ పంపిన ఈమెయిల్ తప్పక ఉండాలి.